శిక్ష ఆగితే చాలదు, దోషి అన్న తీర్పు సంగతి కూడా చూడాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. 2019 వానాకాలంలో పొలం గట్టు దగ్గర పాలివాళ్లతో గొడవ జరిగింది. మా చిన్నవాడు చేతిలో ఉన్న పార కామతో కొట్టాడు. మా తమ్ముడి కొడుకు తలకు కుట్లు పడ్డాయి. పెద్దవాడు విడిపించడానికే వెళ్లాడు, కానీ కేసు ఇద్దరి మీదా పెట్టారు. పద్దెనిమిది రోజుల కిందట మేజిస్ట్రేటు కోర్టు 324 సెక్షన్ కింద ఇద్దరికీ ఏడాది జైలు, చెరి వెయ్యి రూపాయల జరిమానా వేసింది. జరిమానా కట్టాం. అప్పీలు వేసుకోవడానికి నెల గడువిచ్చి బెయిలు ఇచ్చారు. పెద్దవాడు ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. చిన్నవాడు దుబాయిలో పని చేసి వచ్చాడు, మళ్లీ వెళ్లాలి, పాస్‌పోర్టు గడువు ముగుస్తోంది. పైకోర్టుకు పోతే శిక్ష పెంచుతారని ఒకరు, జరిమానా కట్టాక అప్పీలు ఉండదని ఒకరు, హైదరాబాదు లాయరునే పెట్టాలని ఇంకొకరు అంటున్నారు. తమ్ముడి వాళ్లు రాజీకి వస్తామంటున్నారు. ఒకాయన లక్ష రూపాయలిస్తే కేసు లేకుండా చేయిస్తానన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

సమాధానం: అయ్యా, ముందు క్యాలెండరు తీయండి. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం దానికి గడువు 30 రోజులు. అందులో పద్దెనిమిది అయిపోయాయి. మేజిస్ట్రేటు మీ పిల్లలకు ఇచ్చిన బెయిలు కూడా ఆ నెల వరకే. బెయిలుపై ఉన్న ముద్దాయికి మూడేళ్లు మించని శిక్ష పడి, అతడు అప్పీలు వేసుకుంటానంటే, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప శిక్షను ఆ మేరకు నిలిపి ఉంచాలని చట్టమే చెబుతోంది. ఆ వ్యవధి తీరేలోగా అప్పీలు దాఖలు చేసి సెషన్స్ కోర్టు నుంచి శిక్ష నిలిపివేత ఉత్తర్వు తెచ్చుకోకపోతే ఇద్దరూ లొంగిపోవలసి వస్తుంది. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. కానీ దానికి సరైన కారణం చూపించాలి. ఊళ్లో వాళ్లు తలా ఒక మాట చెప్పారు, ఎటూ తేల్చుకోలేకపోయాం అంటే కోర్టు కారణంగా తీసుకోదు.

ఇప్పుడు ఆ తలా ఒక మాట సంగతి. ముద్దాయి వేసిన అప్పీలులో సెషన్స్ కోర్టు కేసు కొట్టివేయవచ్చు, సెక్షన్ మార్చవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. పెంచకూడదని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, లేదా హైకోర్టు నోటీసు ఇచ్చి మీ వాదన వినాలి. శిక్ష చాలలేదని బాధితుడు అప్పీలు వేయడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకోవడం కాదు. అప్పీలు గెలిస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. విచారణలో నేరం ఒప్పేసుకున్న వాళ్లకు మాత్రమే అప్పీలు హక్కు దాదాపు ఉండదు, అప్పుడు శిక్ష పరిమాణం మీదో, అది చట్టబద్ధమా కాదా అన్నదాని మీదో తప్ప అడగలేరు. మీ కేసులో సాక్షులను విచారించి తీర్పు ఇచ్చారు కాబట్టి ఆ బెంగ లేదు. హైదరాబాదు ప్రయాణం కూడా ఇప్పుడే అక్కర్లేదు. మీరు వెళ్లవలసింది హనుమకొండలో అదాలత్ దగ్గరున్న జిల్లా కోర్టుల ప్రాంగణానికి. అక్కడ ఓడిపోతేనే రివిజన్‌కు, అంటే ఆ తీర్పు సరైనదో కాదో చూడమని అడగడానికి, హైకోర్టు గడప తొక్కాలి, దానికి 90 రోజుల గడువుంది.

లక్ష రూపాయల మనిషిని ఇంటి గుమ్మం ఎక్కనివ్వకండి. తీర్పు వచ్చిన కేసును పైకోర్టు ఉత్తర్వు తప్ప ఏదీ చెరపలేదు. ఆ డబ్బుతో మంచి అప్పీలు నడుస్తుంది.

కాగితాల విషయానికి వద్దాం. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు ప్రతిని అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలి. చాలా ఇళ్లలో అది ఇంటికి రాదు, లాయరు గారి కట్టలో ఉండిపోతుంది. అడిగి తీసుకోండి. దానితో పాటు సాక్షుల వాంగ్మూలాలు, ఫిర్యాదు, పంచనామా, ఎంజీఎం ఆసుపత్రి డాక్టరు ఇచ్చిన గాయాల ధ్రువపత్రం, వీటన్నిటి ధ్రువీకృత నకళ్లకు కాపీ దరఖాస్తు వేయించండి. నకలు చేతికొచ్చాక చివరి పేజీ తిప్పి చూడండి. అక్కడ ఒక ముద్ర, ముద్రలో గళ్లు, గళ్లలో తేదీలు ఉంటాయి: దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, రుసుము ఎప్పుడు కట్టమన్నారు, ఎప్పుడు కట్టారు, నకలు ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు ఇచ్చారు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని 30 రోజుల్లోంచి మినహాయిస్తారు, ఆ లెక్కకు ఆధారం ఈ తేదీలే. రుసుము కట్టమన్నాక నాలుగు రోజులు మీరు మరచిపోతే ఆ నాలుగు రోజులు మీ ఖాతాలోనే పడవచ్చు.

అప్పీలులో మళ్లీ సాక్షులను పిలిచి అడగడం చాలా అరుదు. కింది కోర్టులో నమోదైనదాన్నే కొత్త కళ్లతో చదువుతారు. అందుకే ఆ కాగితాలను మీ లాయరు మీ కన్నా ముందు చదవాలి, మీరూ ఎవరిచేతనైనా చదివించుకోవాలి. 324 అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. పొడిచేది, కోసేది, లేదా ఆయుధంగా వాడితే ప్రాణం పోయే అవకాశం ఉన్నది అయి ఉండాలి. పార కామ అలాంటిదేనా? దాన్ని కోర్టులో వస్తువుగా ప్రవేశపెట్టారా? డాక్టరుకు చూపించి, ఈ గాయం దీనివల్ల అయ్యేదేనా అని అడిగారా? ఫిర్యాదులో కర్ర అని ఉండి, సాక్ష్యంలో పార అయిందా? ధ్రువపత్రంలో గాయం సాధారణమైనదని రాశారా? ఆయుధం సంగతి నిలబడకపోతే నేరం 323కు, అంటే మామూలు గాయానికి దిగుతుంది. దానికి శిక్ష తక్కువ. రాజీకి కూడా అది తలుపు తెరుస్తుంది, ఆ సంగతి కింద రాస్తాను. జరిగింది 2019లో కాబట్టి నేరానికి పాత శిక్షాస్మృతి అంకెలే వర్తిస్తాయి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల వల్ల అప్పీలు, బెయిలు సెక్షన్ల నంబర్లు మారాయి. శిక్ష నిలిపివేత పాత 389, కొత్త 430. కాగితాల్లో రెండు అంకెలూ కనిపిస్తే కంగారు పడకండి.

ఇంకొకటి, మీరు గమనించినట్టు లేరు. ఒక్క గాయానికి ఇద్దరికీ శిక్ష పడింది. అంటే ఇద్దరికీ ఉమ్మడి ఉద్దేశం ఉందని కోర్టు నమ్మింది. పెద్దవాడు విడిపించడానికే వెళ్లాడని మీరు రాశారు. అది సాక్ష్యంలో ఎక్కడైనా కనిపిస్తే పెద్దవాడి అప్పీలుకు అదే ప్రాణం. కానీ ఆ వాదన చేసే లాయరు, కొట్టింది చిన్నవాడేనని చెప్పినట్టవుతుంది. ఇద్దరికీ ఒకే లాయరు ఉంటే ఆయన ఆ మాట అనలేడు. ఇంట్లో ఎంత ఇబ్బంది అనిపించినా ఇద్దరికీ వేర్వేరు వకాలతులు, వేర్వేరు అప్పీళ్లు వేయించండి.

మీ ఉత్తరమంతా జైలు చుట్టూ తిరిగింది. నా దృష్టిలో మీ ఇంటికి జైలు కన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. తీర్పులో రెండు ముక్కలుంటాయి. మీ పిల్లలు దోషులని తేల్చడం ఒకటి, దానికి ఏడాది జైలు వేయడం రెండోది. అప్పీలు వేయగానే సెషన్స్ కోర్టు సాధారణంగా నిలిపివేసేది రెండో ముక్కను. మొదటిది అలాగే ఉంటుంది. 2023లో రాహుల్ గాంధీ కేసు మీరు టీవీలో చూసే ఉంటారు. సూరత్ మేజిస్ట్రేటు కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది. మొదట ఆ కోర్టే, తర్వాత సెషన్స్ కోర్టు శిక్షను నిలిపివేయడంతో ఆయన ఒక్క రోజూ జైల్లో లేడు. అయినా ఎంపీ పదవి పోయింది, ఎందుకంటే దోషి అన్న తీర్పు నిలిచే ఉంది. దాని మీద స్టే కోసం సెషన్స్ కోర్టులోనూ గుజరాత్ హైకోర్టులోనూ అడిగితే కాదన్నారు. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాకే లోక్‌సభలో మళ్లీ అడుగుపెట్టాడు. అంత పెద్ద లాయర్లు ఉన్న చోటే అన్ని మెట్లు ఎక్కవలసి వచ్చిందంటే, అది తేలిగ్గా దొరికేది కాదని అర్థమవుతుంది.

అయినా పెద్దవాడి తరఫున అది అడిగి తీరాలి. శిక్ష నిలిపివేత దరఖాస్తుతో పాటు, దోషి నిర్ధారణను నిలిపివేయమని విడిగా దరఖాస్తు వేయాలి. అసాధారణ సందర్భాల్లో అలా నిలిపివేసే అధికారం అప్పీలు కోర్టుకు ఉందని 1995లో రమా నారంగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దానివల్ల జరిగే నష్టమేమిటో కోర్టు ముందు స్పష్టంగా పెట్టాలి. ‘ఉద్యోగం పోతుంది’ అని ఒక వాక్యం రాస్తే చాలదు. ఏ శాఖ, ఎన్నేళ్ల సర్వీసు, కార్యాలయం నుంచి నోటీసు వచ్చిందా, కుటుంబంలో ఆదాయం ఎవరిది, ఇంతకుముందు ఒక్క కేసు కూడా లేదా, గాయంలో అతడి పాత్ర ఎంత, ఇవన్నీ అఫిడవిట్‌లో ఆధారాలతో ఉండాలి. లంచం కేసుల్లో కోర్టులు దీన్ని దాదాపు ఒప్పుకోవు. గట్టు తగాదాలో ఒప్పుకునే అవకాశం అంతకన్నా మెరుగు, అంతే.

స్టే రాకపోయినా ఉద్యోగం పోయినట్టే అనుకోకండి. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, ఉద్యోగిని శిక్షకు గురిచేసిన నడవడిక ఆధారంగా విచారణ లేకుండానే శాఖ అతణ్ని తొలగించవచ్చు. అప్పీలు తేలేవరకు ఆగనక్కర్లేదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ‘తొలగించవచ్చు’ అంటే ‘తొలగించాలి’ అని కాదు. 1985లో శంకర్ దాస్ కేసులో ఇదే మాట వచ్చింది. ఢిల్లీ పాల సరఫరా సంస్థలో నగదు గుమాస్తా అయిన ఆయన ఐదు వందల రూపాయలు జమ చేయలేదని దోషిగా తేలాడు, ఉద్యోగమూ పోయింది. నో పార్కింగ్ చోట స్కూటరు పెట్టి శిక్ష పడినవాణ్ని కూడా ఉద్యోగం నుంచి తీసేస్తారా అన్నట్టుగా ధర్మాసనం మందలించి, ఆ అధికారాన్ని న్యాయంగా, తూకంగా వాడాలని చెప్పి, పూర్తి జీతం బకాయిలతో ఆయన్ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. పెద్దవాడికి కార్యాలయం నుంచి నోటీసు వస్తే జవాబు ఈ దారిలో రాయించండి: విధులతో సంబంధం లేని గొడవ, సొంత పొలం దగ్గర, కుటుంబంలో, డబ్బు మోసం లేదు, అప్పీలు నడుస్తోంది. తీర్పు వచ్చిన విషయం మాత్రం కార్యాలయానికి దాచవద్దు. దాచిన సంగతి బయటపడితే గట్టు తగాదా పక్కకు పోయి దాచిపెట్టడమే నేరమవుతుంది.

చిన్నవాడి పాస్‌పోర్టు సంగతి మీరు భయపడినంత కాదు. గత ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తగ్గని శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని 1967 నాటి చట్టం చెబుతోంది. మీవాడికి పడింది ఏడాది. కేసు పెండింగులో ఉందన్న అభ్యంతరం అప్పీలుకు వర్తించదని, అది విచారణ దశలో ఉన్న కేసులకేనని వంగల కస్తూరి రంగాచార్యులు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనకు మిగిలింది కూడా ఏడాది శిక్షే. ఆ తీర్పు నకలు దరఖాస్తుకు జత చేయించండి. దరఖాస్తులో శిక్ష గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయాలి. అబద్ధం రాస్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడానికి అదొక్కటే చాలు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏజెంట్లు ‘ఆ గడి ఖాళీగా వదిలేయండి’ అని చెబుతుంటారు. గడి ఖాళీగా వదిలినందుకు జవాబు చెప్పుకోవలసింది ఏజెంటు కాదు, మీవాడు.

పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన విమానం ఎక్కేయకూడదు. శిక్ష నిలిపివేసేటప్పుడు కోర్టు షరతులు పెడుతుంది. దేశం దాటాలంటే అనుమతి ఇవ్వమని ఆ కోర్టులో దరఖాస్తు పెట్టించండి. అనుమతి లేకుండా వెళ్లి, అప్పీలు ఓడిపోయిన రోజు అతడు దుబాయిలో ఉంటే వారెంటు పుడుతుంది, జామీను ఉన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ఆ జామీను బహుశా మీరే ఇచ్చి ఉంటారు.

ఇక రాజీ. మీ ఉత్తరంలో ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడన్నది ఒక్క వాక్యం కూడా లేదు. పాలివాడైనా సరే, తల పగిలింది అతడిది. రాజీ అంటే మొదట అతడితో మాట్లాడటం, వైద్యానికి అయిన ఖర్చు, పోయిన కూలి లెక్క కట్టడం, గట్టు తగాదాను సర్వే చేయించి శాశ్వతంగా తేల్చుకోవడం. పెద్దమనుషుల చేత ఒత్తిడి చేయించి సంతకం పెట్టించుకుంటే అది రేపు కోర్టులో తిరగబడుతుంది, బెయిలు రద్దుకు కూడా కారణమవుతుంది.

నిజంగా మనసు కలిస్తే, చట్టంలో చిక్కు ఇది. 324 ఇప్పుడు కోర్టు బయట రాజీ చేసుకుని ముగించే నేరాల పట్టికలో లేదు. స్టాంపు కాగితం మీద రాసుకున్న రాజీ పత్రాన్ని సెషన్స్ కోర్టులో ఇస్తే శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది గానీ దోషి అన్న తీర్పును తుడవదు. తుడవడానికి రెండు దారులున్నాయి. నేరం 323కు దిగితే అది రాజీ కుదిరే నేరం. అప్పీలు వినే కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు, అప్పుడు దాని ఫలితం నిర్దోషిగా విడుదల అయినట్టే. రెండోది హైకోర్టు. వ్యక్తిగత తగాదాల్లో, ఘోరమైన నేరం కానప్పుడు, మనస్ఫూర్తిగా రాజీ పడితే, శిక్ష పడ్డాక కూడా హైకోర్టు తన స్వతస్సిద్ధ అధికారంతో కేసు కొట్టివేయవచ్చని 2021లో రామ్‌గోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ పల్లెటూరి కొట్లాటే. ఈ పిటిషన్‌కు మాత్రం హైదరాబాదు వెళ్లాలి. అప్పీలు పెండింగులో ఉండగా వేయడం మంచిది, అందుకే ముందు అప్పీలు వేయమంటున్నాను. పెద్దవాడి ఉద్యోగం దృష్ట్యా నేనైతే ఈ దారికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇవేవీ ఫలించకపోతే చివరగా 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. అప్పీలు కోర్టు కూడా జైలుకు బదులు మంచి నడవడికకు పూచీకత్తు తీసుకుని వదిలిపెట్టవచ్చు. మొదటి తప్పు, కుటుంబ తగాదా, గొడవ జరిగి ఇన్నేళ్లు గడిచాయి; అడగడానికి అన్నీ ఉన్నాయి. అర్హత ఉన్నా ప్రొబేషన్ ఎందుకు ఇవ్వలేదో కింది కోర్టు తీర్పులో కారణాలు రాయాలి. రాయకపోతే అది మీ అప్పీలులో ఒక బలమైన అంశం. ప్రొబేషన్ వస్తే శిక్ష వల్ల వచ్చే అనర్హతలు పోతాయని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. కానీ శాఖాపరమైన తొలగింపును అది ఆపదని శంకర్ దాస్ కేసులోనే చెప్పారు. కాబట్టి చిన్నవాడికి ఇది మంచి గమ్యం. పెద్దవాడి విషయంలో లాయరు దీనితోనే సరిపెడతానంటే ఒప్పుకోవద్దు.

ఖర్చు గురించి మీరు నేరుగా అడగలేదు గానీ చెప్పాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది, ఫోను 15100. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది, అక్కడే అడిగితే చెబుతారు. చిన్నవాడికి ప్రస్తుతం ఆదాయం లేదు కాబట్టి అతడి పేరు మీద అడిగి చూడండి. ఇలాంటి స్థితిలో ఉండి ఇప్పటికే లోపలికి వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: ఖైదీ తన అప్పీలును జైలు సూపరింటెండెంటు చేతికే ఇవ్వవచ్చు, ఆయన దాన్ని కోర్టుకు పంపాలి. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేశాక మనవాళ్లకు ములాఖత్ అంటే దూరప్రయాణమైంది. సంతకాల కోసం అంత దూరం తిరగకుండా ఈ దారి వాడుకోవచ్చు.

మీరు మాత్రం ఈ వారంలోనే తీర్పు ప్రతి, బెయిలు ఉత్తర్వు, జరిమానా రసీదు, ఇద్దరి ఆధార్ కార్డులు, పెద్దవాడి నియామక పత్రం, చిన్నవాడి పాత పాస్‌పోర్టు ఒక సంచిలో పెట్టుకుని పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని హనుమకొండ వెళ్లండి. వకాలతు మీద సంతకం పెట్టవలసింది వాళ్లు, మీరు కాదు.